గేటు మాట పట్టిన బొటనవేలు

రండమ్మా, రండి నాయనా, ఇలా దగ్గరికొచ్చి కూర్చోండి. ఇంకాస్త దగ్గరికి. కాని ఈ ఎడమకాలి వైపు మాత్రం రాకండి. చీర కుచ్చిళ్ళు తగిలినా ప్రాణం లేచిపోతోంది. అటు కుడిపక్కన చాప వేసి ఉంది, దానిమీద సర్దుకోండి.

ఇది మొదలై మూడు రోజులైంది. పొద్దున్న లేచి కాలు కింద పెట్టినాను, బొటనవేలి మొదట్లో ఎవరో నిప్పుకణిక దోపినట్టయింది. చూస్తే వేలు ఎర్రగా, నిగనిగలాడతా, పండిన టమాటాలాగుంది. మనవరాలు టోటో బ్యాటరీ రిక్షాలో ఎక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. చిన్నపిల్ల ఆ డాక్టరమ్మ, మా మనవరాలి ఈడే ఉంటుంది. వేలు చూసింది, రక్తం తీయించింది. "దీదిమా," అని అమ్మమ్మ వరస కలిపి, "ఇది గౌటు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఎవరికైనా ఉండేదా?" అని అడిగింది.

అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఆ వెనకాలే ఏడుపూ వచ్చింది.

మా నాన్నకి ఉండేది. కాని అది ఒంట్లో పుట్టే రోగమని మా ఇంట్లో తెలిసేసరికి ఒక వానాకాలం మొత్తం గడిచిపోయింది. ఆ లోపల మా పక్కింటి మనిషిని క్వార్టర్ల లైనంతా కలిసి పాముని చూసినట్టు చూసినాం. ఆ పని మొదలుపెట్టింది నేనే. ఆ సంగతే చెబుతాను, వినండి.

అప్పుడు నాకు తొమ్మిదో పదో ఉంటాయి. ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంటు అంటే, మన శ్రీకాకుళం వైపు ఊళ్ళన్నీ ఎత్తుకొచ్చి వరసలుగా పేర్చినట్టుండేది. ఎర్ర ఇటుకల రైల్వే క్వార్టర్లు, ఒక్కో వరసకి ఒక్కో కుళాయి. పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ బొగ్గుల కుంపటి పొగ. ఆ పొగలోంచి ఎండుచేపలు కాల్చిన వాసన, వెనక వరసలో బెంగాలీవాళ్ళ ఆవనూనె వాసన, గాలి ఇటు తిరిగితే వర్క్‌షాపులో కాలిన ఇనుము వాసన. కళ్ళకి గంతలు కట్టి వదిలినా ఎవరిల్లు ఎక్కడుందో ముక్కుతో చెప్పేసేదాన్ని.

నాన్న వర్క్‌షాపులో కొలిమి దగ్గర సమ్మెట వేసేవాడు. మనిషి దుక్కలాగుండేవాడు. రోజంతా ఎర్రగా కాలిన ఇనుము ముందు నిలబడడమే. ఇంటికొచ్చి చొక్కా విప్పి దండెం మీద వేస్తే, ఆరినాక ఉప్పు తెల్లగా చారలు కట్టేది. నీళ్ళు మాత్రం తాగేవాడు కాదు. "నీల్లు తాగితే సెమట ఇంకా పడతాది" అనేవాడు. టీ తాగేవాడు. శనివారం సాయంత్రం సంతాలీ ఆడవాళ్ళు కుండల్లో తెచ్చి అమ్మే హాఁడియా తాగేవాడు, అన్నం పులవబెట్టి చేసే కల్లులాంటిది అది. ఆదివారం మేక కార్జం వేపుడు. మిగతా రోజుల్లో నెత్తళ్ళు. కార్జం మిరియాలతో వేగుతుంటే నేను మూత తీసి ఒక ముక్క నోట్లో వేసుకుని, నాలుక కాలి, చప్పుడు చెయ్యకుండా కళ్ళనీళ్ళు కార్చేదాన్ని. అమ్మ నావైపు చూడకుండానే, "ఈ ఇంటి పిల్లికి రెండు జడలున్నాయి" అనేది.

మామ్మ, అంటే నాన్న తల్లి, ఊరినించి వచ్చి రెండేళ్ళయింది. అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసనే నోట్లో పెట్టుకోవడం. మీరు చూసి ఉండరు. నిప్పు నోట్లో ఉండగానే మాటలాడేది, ఒక్క మాటా తడబడేది కాదు. బజారు హిందీ కాస్త పట్టుబడింది గాని బెంగాలీ ముక్క రాదు. ఎవరిమీదా నమ్మకం లేదు. పాలవాడి చెంబులో వేలు పెట్టి చూసేది. కుళాయి దగ్గర ఎవరు ఎవర్ని ఎలా చూసినారో చూసి, ఇంటికొచ్చి చెప్పేది. దానికీ ఒక కారణం ఉంది. మా తాత వయసులోనే పాము కరిచి పోయినాడట. ముందురోజు సంతలో ఎవరో "ఏటి, మనిషి ఏనుగులాగున్నాడు" అన్నారట. ఆ మాటే పామై వచ్చిందని మామ్మ నమ్మకం. అప్పట్నించీ ఆవిడకి మంచిమాట వింటే చాలు, గుండె దడ.

పక్కింట్లో గేటు మావ ఉండేవాడు. మాకు చుట్టం కాదు. వాళ్ళది అమ్మ పుట్టింటి పక్క ఊరు, అందుకని అమ్మని "సెల్లీ" అనేవాడు, నాన్నని "బావా" అనేవాడు. వాళ్ళావిడ నాకు అత్త. పిల్లల్లేరు వాళ్ళకి. నా జడలు అత్తే వేసేది. రెండిళ్ళ పెరటిగోడలో ఒక ఇటుక ఊడిపోయి కన్నముండేది. అందులోంచి అమ్మా, అత్తా కూరగిన్నెలు అందించుకునేవాళ్ళు.

మావ ఒకప్పుడు యార్డులో పనిచేసేటప్పుడు రెండు రైలుపెట్టెల మధ్య కాలు పడి నలిగిపోయింది. అప్పట్నించీ కుడికాలు ఈడ్చుకుంటా నడిచేవాడు. బరువు పని చెయ్యలేడని వర్క్‌షాపు గేటు దగ్గర వేసినారు. పనిలోకి పోయేవాళ్ళు ఇచ్చే ఇత్తడి బిళ్ళలు తీసుకుని, నంబరు చూసి మేకులకి తగిలించడం, సాయంత్రం తిరిగివ్వడం. ఆ వేళప్పుడు గేటు దగ్గర చీమలబారులాగా జనం. ప్రతివాడి నంబరూ మావకి నోటికొచ్చు. ప్రతివాడితోనూ ఒక హాస్యం.

నాన్నతో హాస్యం ఎప్పుడూ ఒకటే. "బావా, నీ కాల్లు ఓపాలి నాకు అద్దెకిచ్చీ. సాయంత్రం కూతకి తిరిగిచ్చీస్తాను."

"ముందు నీ మీసాలు నాకిచ్చీ బావా, అప్పుడు సూద్దాం."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. వెనకాల వరసలో నిలబడ్డవాళ్ళూ నవ్వేవాళ్ళు.

శనివారం వర్క్‌షాపు కూత కూయగానే నేను గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని, నాన్న వేపిన సెనగలు కొనిపెడతాడని. ఆ శనివారం వాన వెలిసి ఎండ కాస్తోంది. నాన్న బిళ్ళ తీసుకోబోతే మావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "బావా, ఎన్నాల్లని అడుగుతాను? ఇంక అడగను. నీ కాల్లు నానే లాగీసుకుంటాను, సూడు!"

నాన్న అక్కడికక్కడే ఒక గంతేసి చూపించినాడు. బురద నా గౌను మీద పడింది. ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాం.

ఆదివారం కార్జం తిన్నాం. సోమవారం ఇంకా వెలుగు పూర్తిగా రాకముందే నాన్న పెట్టిన కేకకి నేను లేచి కూర్చున్నాను.

ఎడమకాలి బొటనవేలు. కింద పెట్టలేడు, పైకెత్తలేడు. దుప్పటి తగిలితే అరిచినాడు. అమ్మ పసుపు రాయబోతే, "తాకొద్దే! గాలాడితేనే సచ్చిపోతన్నాను!" అన్నాడు. ఎర్రగా కాలిన ఇనుముతో ఆడుకునే మనిషి, వేలికి గాలి తగులుతోందని తలుపు మూయించినాడు.

మామ్మ దీపం పట్టుకుని వేలు చుట్టూ వెతికింది. ముల్లు లేదు, గాటు లేదు, తేలు కుట్టిన గుర్తు లేదు. "ఏటీ కుట్టలేదు, ఏటీ గుచ్చుకోలేదు. మరెలగొచ్చినాది?" అని అడిగింది. ఎవర్నీ అడగలేదు. గోడని అడిగింది. కాని ఆ అడగడంలోనే నాకు భయమేసింది.

బజారులో ఉండే ముసలి బెంగాలీ డాక్టరుబాబు రిక్షాలో వచ్చినాడు. వేలు చూసి, రోజూ ఏం తింటాడని అడిగినాడు. మామ్మ ఊరుకుంటుందా! "మాంస్, మచ్ఛీ, కలేజీ, సబ్ ఖాతా హై! నా కొడుక్కి ఏటి తక్కువ?" అన్నది రొమ్ము విరుచుకుని. డాక్టరుబాబు తలూపినాడు. వసారాలోకి వచ్చి చేతులు కడుక్కుంటూ మామ్మతో అన్నాడు: "గేఁటే బాత్ ధొరేఛే, మా." ఆ తరవాత ఇంకా చాలా చెప్పినాడు, వేళ్ళు లెక్కపెట్టి చూపించినాడు, చీటీ రాసినాడు, వెళ్ళిపోయినాడు.

లోపల నాన్న మూలుగుతున్నాడు. అమ్మ ఆయన్ని పట్టుకుని కూర్చుంది. వసారాలో ఉన్నది మామ్మా, నేనూ.

"ఓలే గుంటా, బాత్ అంటే మాటే గదా?" అన్నది మామ్మ. ఆవిడకి తెలిసిన హిందీలో బాత్ అంటే మాట.

"మాటే మామ్మా."

"ధొరేఛే అంటే?"

ఇది నాకు బాగా తెలుసు. వెనక వరస పిల్లలతో రోజూ ఆడే ఆటలో అరిచే మాట. "పట్టుకున్నాది అని."

"మరి ఆ మొదటిదేటి, గేటే?"

నేను గొప్పగా చెప్పినాను. "గేటే అంటే గేటు కాడ అని మామ్మా. ఘొరే అంటే ఇంట్లో, గేటే అంటే గేటు కాడ."

మామ్మ నోట్లోంచి చుట్ట తీసింది. అలా మధ్యలో తీయగా నేనెప్పుడూ చూడలేదు. "గేటు కాడ మాట పట్టుకున్నాది," అని నెమ్మదిగా మూడుసార్లు అనుకుంది. తరవాత నా రెండు భుజాలూ పట్టుకుంది. "గేటు కాడ ఎవులేటన్నారే?"

నేను చెప్పేసినాను. మావ చెయ్యి వెనక్కి లాక్కోవడం, లాగీసుకుంటాననడం, నాన్న గంతెయ్యడం, అన్నీ.

"సూసినావా?" అన్నది మామ్మ అమ్మతో. "డాక్టరే సెప్పినాడు. నా సెవుల్తో ఇన్నాను."

"అన్నియ్య అలగటోడు కాదత్తా," అన్నది అమ్మ.

"నీ అన్నియ్య కాలు సూసినావా? నా కొడుకు కాలు సూసినావా? ఆడికి లేనిది మనకున్నాది. ఇంకేటి గావాల?"

ఆ మధ్యాహ్నమే మామ్మ పెరటిగోడ కన్నంలో ఇటుక దోపి, మట్టితో మెత్తింది.

నాన్న మొదట నమ్మలేదు. "ఊరుకో అమ్మా, బావ రోజూ అనే మాటే గదా" అన్నాడు. కాని నొప్పి మనిషిని మార్చేస్తుంది. మూడోరోజు నన్ను మంచం దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి అడిగినాడు. "బుల్లీ, ఆ మాటన్నప్పుడు మావ మొకం ఎలగున్నాదే?"

ఇంతవరకూ ఎవరూ నన్ను అలా కూర్చోబెట్టుకుని అడిగింది లేదు. మామ్మ వింటోంది, అమ్మ వింటోంది. నేను చెప్పినాను: "నవ్వినాడు గాని, కళ్ళు నవ్వలేదు నాన్నా."

నాన్న గోడవైపు తిరిగిపోయినాడు.

ఇక వైద్యం చూడండి. "మాట దెబ్బకి మాత్రలేటి" అని మామ్మ మందు చీటీ చూరులో దోపేసింది. అమ్మ అది తీసుకుపోయి మాత్రలు తెచ్చి, దంచి మజ్జిగలో కలిపి మామ్మకి తెలియకుండా ఇచ్చేది. మామ్మేమో కాళ్ళకి కాళ్ళే బలమని మేక కాళ్ళ పులుసు రెండుపూటలా పోసేది. మాత్రల వల్ల నాన్నకి కడుపు జారింది. "అదుగో, మాట దిగిపోతన్నాది" అన్నది మామ్మ సంతోషంగా. పదిరోజులకి వాపు తగ్గి, వేలిమీద చర్మం ఉల్లిపొరలాగా రాలింది. "దిష్టి రాలినాది" అన్నది. అమ్మ మజ్జిగ గిన్నె కడుక్కుంది.

మాట లైనంతా పాకింది. కుళాయి దగ్గర అత్త వస్తే ఆడవాళ్ళు బిందెలు పక్కకి జరుపుకునేవాళ్ళు. మేం పిల్లలం ఇంకా నయం అనుకుంటున్నారా? మావ సందులోంచి కాలు ఈడ్చుకుంటా వస్తుంటే, ఆడుకునేవాళ్ళం ఠక్కున కూర్చుని కాలి బొటనవేళ్ళు ముడుచుకునేవాళ్ళం. కొందరు పాదాలమీద చేతులు కప్పుకునేవాళ్ళు. ఆ ఆట కనిపెట్టింది నేను కాదు. ఆడినాను మాత్రం. మావ మొదటిరోజు అర్థంకాక, "ఏటర్రా, కాల్లు తిమ్మిరెక్కినాయా?" అని నవ్వినాడు. నాలుగోరోజుకి తెలిసిపోయింది. ఆ తరవాత పట్టాలవెంట చుట్టు తిరిగి వెనకగుమ్మంలోంచి ఇంట్లోకి పోయేవాడు. కుంటికాలితో అంత దూరం.

గేటు దగ్గర నాన్న బిళ్ళ మావ చేతికివ్వడం మానేసినాడు. బల్లమీద పెట్టి పోయేవాడు. మావ తీసి మేకుకి తగిలించేవాడు. ఒకరోజు అత్త అమ్మని గుమ్మం దగ్గర ఆపింది. "ఒదినా, మేమేటి సేసినామో సెప్పు. తప్పుంటే కాల్లట్టుకుంటాం." వెనకాల మామ్మ దగ్గింది. అమ్మ కళ్ళు తుడుచుకుని లోపలికి వచ్చేసింది. అత్త చూపు నా జడల మీద పడింది. ఆ రోజు అమ్మ వంకరగా వేసింది.

విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ ఒక్కరోజు వర్క్‌షాపు లోపలికి ఇంటివాళ్ళందర్నీ రానిచ్చేవారు. యంత్రాలకి బంతిపూల దండలు, సమ్మెటకి కుంకం బొట్టు, ఆకాశమంతా గాలిపటాలు, దొన్నెల్లో బూందీ. నేను బూందీ తింటూ కూడా మావనే కనిపెట్టి చూసినాను. మామ్మ పెట్టిన పని అది. గేటు దగ్గర మావ నాన్నతో ఒక్కమాట అనలేదు. తలెత్తి చూడనైనా లేదు. కొలిమివాళ్ళంతా కలిసి ఆ సాయంత్రం హాఁడియా తాగినారు, మర్నాడు మేకని కోసుకున్నారు. కార్జం నాన్న వాటా.

ఆ మర్నాడు తెల్లవారకముందే మళ్ళీ అదే కేక. అదే వేలు.

"గేటు కాడ మావ ఏటీ అనలేదు మామ్మా," అన్నాను నేను. "నాను సూస్తనే ఉన్నాను."

"నోటితో అనలేదు. మనసులో అనుకున్నాడు."

అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. మావమీద కాదు. అంటే తప్పు, అనకపోతే తప్పు అయితే, ఇంకేం చేస్తే ఆ మనిషి తప్పించుకుంటాడు? నేను మామ్మకి చెప్పిన మాట, నాన్నకి చెప్పిన మాట, రెండూ మాటిమాటికీ గుర్తొచ్చేవి. 

ఆ వారంలోనే అమ్మ కుళాయి దగ్గర వినివచ్చింది. మావ తన క్వార్టరు వేరేవాళ్ళతో మార్చుకుంటున్నాడట. పట్టాలకి అవతల, దూరంగా. కాగితాలు అయిపోయినాయట. మంగళవారం సామాను ఎత్తేస్తారట. అమ్మ ఆ రోజు మామ్మతో మాటలాడలేదు.

ఇటు నాన్న పనికీ ముప్పొచ్చింది. మాటిమాటికీ పడిపోతే సమ్మెట పనికి పనికిరాడని రాసేస్తామని ఫోర్‌మన్ అన్నాడట. డాక్టరు కాగితం తేవాలి. సోమవారం పొద్దున్న నాన్న రిక్షాలో కాలు చాపుకుని కూర్చున్నాడు. తగలకుండా ఆ కాలిని పట్టుకోవడానికి నేను ఎదురుగా కూర్చున్నాను. డాక్టరుబాబు దగ్గరికి పోయినాం.

ఆయన వేలు చూసి కోప్పడ్డాడు. మొన్ననే చెప్పినానే, మానేసినావా అన్నాడు. నాన్నకి బెంగాలీ బాగా వచ్చు, ఏం మానాలి అని అడిగినాడు. డాక్టరుబాబు తన టీ గ్లాసులో చక్కెర నాలుగు చెంచాలు వేసి కలిపి చూపించినాడు. "కరిగినంత కరుగుతుంది. మిగిలింది ఏమవుతుంది? అడుగున పేరుకుంటుంది. నీ రక్తంలో ఒక పుల్లటి ఉప్పు అలాగే ఎక్కువైంది. అది కీలులో సూదుల్లాగా పేరుకుంటోంది. అన్నిటికన్నా అడుగున, చల్లగా ఉండేది బొటనవేలు, అందుకే ముందు దాన్ని పడుతుంది. కార్జం, కాళ్ళు, చిన్న చేపలు, హాఁడియా, ఇవన్నీ దాన్ని పెంచేవే. పైగా నిప్పు దగ్గర చెమటోడుస్తావు, నీళ్ళు తాగవు. మూత్రంతో బయటికి పోవాల్సింది ఎలా పోతుంది? కొందరికి పుట్టుకతోనే ఇది సరిగా పోదు. నీ పిల్లలకీ రావచ్చు."

నాన్న వంగి ఆ గ్లాసు అడుగున చక్కెర చూసినాడు. తరవాత సిగ్గుపడతా అడిగినాడు. "డాక్టరుబాబూ, గేటు దగ్గర మాట పట్టుకుందని మా అమ్మతో అన్నారట?"

డాక్టరుబాబుకి ముందు బోధపడలేదు. పడినాక నవ్వినాడు చూడండి, మందులు కట్టే ఆయన కూడా లోపలినించి పరిగెత్తుకొచ్చినాడు. "గేటే కాదయ్యా, గేఁటే!" అని ముక్కుతో పలికి, తన వేలి కణుపు పట్టుకుని చూపించినాడు. గాఁట్ అంటే కణుపు, గేఁటే అంటే కణుపుది. కీలు. బాత్ అంటే వాతం. కీలువాతం పట్టిందన్నాడు ఆయన. వాళ్ళ బాత్ వేరు, హిందీ బాత్ వేరు. మధ్యలో ఒక ముక్కుపలుకు నేను మింగేసినాను.

నాన్న నవ్వలేదు. నావైపు తిరిగినాడు. "మామ్మకి అలగని సెప్పిందెవులే?"

"నానే నాన్నా."

కొట్టి ఉంటే బాగుండును. కొట్టలేదు.

రిక్షా మా గుమ్మం దాటి మావ గుమ్మం ముందు ఆగింది. నాన్న నా భుజం మీద చెయ్యేసి ఒంటికాలితో గెంతుకుంటా లోపలికి పోయినాడు. ట్రంకుపెట్టెకి మావ తాడు బిగిస్తున్నాడు. అత్త గిన్నెలు గోనెలో కడుతోంది. ఎవరూ కూర్చోమనలేదు. నాన్న తనే కింద చతికిలబడినాడు.

"బావా, రోగం నా తిండిలో ఉన్నాది. నీ నోట్లో లేదు," అన్నాడు. డాక్టరు చెప్పిందంతా చెప్పినాడు. గేటే, గేఁటే, చక్కెర, అంతా.

మావ తాడు వదల్లేదు. "గేటు కాడ ఇంతమంది పోతారు బావా. ఈ కాలితో నానేటి సెయ్యగలను? నాలుగు మాటలాడి నవ్వించేవోన్ని. ఆ ఒక్కటీ నాకుండేది. ఇప్పుడు ఎవుడైనా మంచి సొక్కా ఏసుకొస్తే, బాగున్నాదని అందామని నోరు తెరుస్తాను. మూసీసుకుంటాను. రేపు ఆడికేటైనా అయితే?"

"తప్పైపోనాది బావా. ఎల్లొద్దు."

"కాగితాలైపోనాయి. అవతలోల్లు సామాను కట్టీసుకున్నారు."

నేను అత్త కొంగు పట్టుకుని ఏడ్చినాను. "నానే సెప్పినాను మావా, నువ్వలాగన్నావని."

మావ నా తలమీద చెయ్యి పెట్టబోయి, మధ్యలో ఆపి, వెనక్కి తీసుకున్నాడు. "నువ్వేటీ అబద్ధం ఆడలేదు గదమ్మా. నానన్న మాటే సెప్పినావు."

అక్కడ నేను నోరు తెరవాలి. కళ్ళు నవ్వలేదని నాన్నతో చెప్పింది అబద్ధమని అప్పుడు చెప్పాలి. తెరవలేదు.

మంగళవారం తోపుడుబండి మీద వాళ్ళ సామాను పోయింది. మామ్మ గుమ్మంలో కూర్చుని చూసింది. నాన్న ఎంత చెప్పినా ఆవిడ ఒకటే అన్నది. "అలగైతే అలగే గాని, సరిగ్గా ముందు ఆ మాటెందుకన్నాడు?" కాని ఆ రాత్రి అన్నం ముట్టలేదు. నాన్న మాత్రం కార్జం మానేసినాడు, హాఁడియా దాదాపుగా మానేసినాడు, పనిలోకి పోతే పెద్ద చెంబుతో నీళ్ళు పెట్టుకునేవాడు. తరవాత ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వేలు పట్టేది. మాత్ర వేసుకునేవాడు, అది పోయేది. సమ్మెట పని పోలేదు. గేటు దగ్గర మళ్ళీ బిళ్ళ చేతికే ఇచ్చేవాడు. మావ తీసుకునేవాడు, "కులాసా?" అనేవాడు. అంతే. కాళ్ళ మాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ వరసలో నిలబడినవాళ్ళు ఒకప్పుడు నవ్వేవాళ్ళని కొత్తగా చేరినవాళ్ళకి తెలియదు.

ఏళ్ళు గడిచినాక నా పెళ్ళి అదే క్వార్టరు ముందు, టార్పాలిన్ పందిట్లో జరిగింది. మావా అత్తా వచ్చినారు. అందరూ అక్షింతలు వేసి, పిల్లాపాపలనీ, పసుపుకుంకాలనీ దీవించి పోతున్నారు. మావ గుప్పెట్లో అక్షింతలు పట్టుకుని నా ముందు నిలబడినాడు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. వెనకాల జనం ఆగిపోయినారు. మావ తల తిప్పి పక్కన మంచంమీద కూర్చున్న మామ్మవైపు చూసినాడు. మామ్మకి అప్పటికి కళ్ళు సరిగా ఆనవు.

"అత్తా, నానొక్క మాటనొచ్చా?"

 మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి తెలుసు.

"అనరా నాయనా," అన్నది. "గట్టిగా అను. నలుగురూ ఇనాల."

మావ అన్నాడు. "నడిసినంత దూరం సల్లగా నడువమ్మా." అంతకన్నా ఇంకేమీ అనలేదు. అక్షింతలు వేసి, కాలు ఈడ్చుకుంటా పక్కకి జరిగినాడు. మామ్మ ముఖం కొంగుతో కప్పుకుంది.

ఇప్పుడు ఆ పందిట్లో ఉన్నవాళ్ళలో చాలామంది లేరు. మావ లేడు, అత్త లేదు. డాక్టరమ్మ మాత్రలిచ్చింది, నీళ్ళు తాగమంది, వారంలో తగ్గుతుందంది. తగ్గుతుంది. తగ్గనిది వేరే ఉంది. ఆ శనివారం గేటు దగ్గర మావ కళ్ళు నవ్వినాయి. నోటికన్నా ముందు కళ్ళే నవ్వినాయి. వాన వెలిసిన ఎండలో నేను చూసినాను. నాన్నకి చెప్పలేదు, మావకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి మీద పాలు పొంగాలి, మీ ఇంట్లో అందరి కాళ్ళూ నొప్పి లేకుండా తిరగాలి. మీ పిల్లలు బాగున్నారని మీ గుమ్మంలో నిలబడి చెప్పడానికి ఎవరూ, ఎన్నటికీ భయపడకుండా ఉండాలి. పోయి రండమ్మా.